గూడు కట్టని పంట

వదిన ఫోన్ చేసినప్పుడు నేను బెంగళూరులో, ప్రయోగశాలలో, ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తున్నాను. అందులో ఉన్నది పట్టుపురుగు గ్రంథి నుంచి తీసిన ద్రవం. అది మబ్బుగా మారిందా, తేటగానే ఉందా అని చూసి రాసుకోవడం నా పని. మబ్బుగా మారితే లోపలి ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని పోగులుగా కట్టడం మొదలైందని అర్థం.

"ఏమప్పా, నీ సదువు పురుగుల మీదనే గదా," అంది వదిన, పలకరింపు ఏమీ లేకుండా. "పండాల్సిన పురుగు పండకుండా మేస్తానే ఉంటే ఏం జేయల్ల?"

"నా చదువు పురుగుల మీద కాదు వదినా. పురుగు కడుపులో ఉండే పట్టు మీద."

"రెండూ ఒగటే. వస్తావా, రావా?"

మరునాడు పొద్దున్నే బస్సెక్కాను. ఆ పంట మీద ఏం ఆధారపడి ఉందో నాకు తెలుసు.

మా ఊరు చిలమత్తూరు మండలంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. ఇంట్లో నాయన, అన్న, వదిన, వాళ్ల పాప. ఉన్న భూమంతా మల్బరీ తోటే. బోరు తగ్గిపోతున్న కొద్దీ అన్నకు తోట మీద మనసు విరిగిపోతూ వచ్చింది. సోమందేపల్లె దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది. అక్కడే ఇల్లు బాడుగకు తీసుకుందామన్నాడు. తోటను వేళ్లతో సహా పెరికేస్తే, భూమి ఎవరికైనా గుత్తకు ఇవ్వచ్చన్నాడు. పురుగులు పెంచేది ఎక్కువగా వదినే. షెడ్డు కట్టేటప్పుడు ఇటుకలు మోసింది కూడా ఆమే. ఇద్దరి మధ్యా చాలా రోజులు నలిగి, చివరికి ఒక మాట కుదిరింది. ఈ ఎండాకాలం పంట నిలబడితే తోట ఉంటుంది. పోతే వదిన పాపను తీసుకుని సోమందేపల్లెకు వస్తుంది, తోట పోతుంది. ఎండాకాలం పంట అన్నింట్లోకీ కష్టమైనదని తెలిసే అన్న ఆ షరతు పెట్టాడు. తెలిసే వదిన ఒప్పుకుంది.

షెడ్డు గడప దగ్గర బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు తడుపుకుని లోపలికి వెళ్లాను. అరలు అరలుగా కట్టిన స్టాండ్ల మీద, కొమ్మల మధ్య, పురుగులు మేస్తున్నాయి. వేలంత లావున ఉన్నాయి. తెల్లగా, సున్నం పూసినట్టు ఉన్నాయి. చూడటానికి అంత ఆరోగ్యమైన పంటను నేను మా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. భయం వేసింది అందుకే.

నాలుగో జ్వరం నుంచి లేచాక, అంటే నాలుగోసారి కుబుసం విడిచాక, పురుగు వారం రోజులు విపరీతంగా మేస్తుంది. ఆ తర్వాత మేత మానేస్తుంది. ఒళ్లు కాస్త కుంచించుకుపోతుంది, చర్మం పల్చబడి లేత బంగారు రంగు తిరుగుతుంది. తల ఎత్తి గాలిలో అటూ ఇటూ వెతుకుతుంది. దాన్నే మావాళ్లు పండటం అంటారు. పండిన పురుగును ఏరి, వెదురు బద్దలతో చుట్లు చుట్లుగా అల్లిన చంద్రికల మీద వేస్తే గూడు కడుతుంది. ఇక్కడ ఆ వారం దాటిపోయింది. చంద్రికలు గోడకు ఆనించి ఖాళీగా ఉన్నాయి. పురుగులు మాత్రం మేస్తూనే ఉన్నాయి.

"సూడు," అంది వదిన. "ఊర్లో అందురూ అంటాండారు, ఎంత బాగ మేపినావమ్మే అని. మేపినా, మేపినా, ఎప్పుడు దిగమింగుతాయో నన్నే అని సూస్తాండా."

"రోగం ఏమన్నా ఉందా?"

"సచ్చిందేదీ? ఒగటీ సావలే. సస్తే అన్నా ఒగ దావ."

నేను నాకు అలవాటైన పద్ధతిలో మొదలుపెట్టాను. షెడ్డులో వేడి చూశాను. ఎక్కువే, కానీ గోడలకు తడి గోనె పట్టలు కట్టి ఉన్నాయి, పురుగు తట్టుకోగలిగినంతే ఉంది. తేమ చూశాను. కొన్ని పురుగులను అరచేతిలోకి తీసుకుని రోగం గుర్తులు వెతికాను. చాకీ పురుగులను, అంటే పసి పురుగులను, మాకు ఇచ్చిన కేంద్రం నుంచే తెచ్చుకున్న ఇంకో ఇంటికి ఫోన్ చేయించాను. వాళ్ల పురుగులు ఎప్పుడో పండి గూళ్లు కట్టేశాయి. అంటే విత్తనం మంచిదే. ఇక మిగిలింది మేత.

మేత అనగానే అన్న లేచాడు. "నేను మొదుట్నుంచీ సెప్తాండా. పక్క సేన్లో టమాటకు మందు కొట్టింటారు, గాలికి మన తోట మీద పడింటాది."

పక్క చేను ఒక పెద్దామెది. భర్త పోయాక ఒక్కతే చేయించుకుంటోంది. వదిన కొంగు బిగించి గట్టు మీదికి పోయింది. నేను వెనకే వెళ్లాను, మాటలు ముదిరితే ఆపుదామని.

"అక్కా, టమాటకు ఏం మందు కొట్టినావు? నా పురుగు గూడు కట్టకుండా నిలబడింది."

"టమాటనా?" ఆమె నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "యాడుండాదమ్మే టమాట? నీళ్లు లేక ఎండిపోయి పోయిన నెల్లోనే మేకలకు ఇడిసినా. కండ్లుండాయి గదా, సూడు."

చూశాం. ఎండిన కట్టెలు, మేకలు తొక్కిన నేల. వదిన బిగించిన కొంగు వదులు చేసి, "సరేలే అక్కా, మనసులో పెట్టుకోవద్దు," అంది.

"మనసులో పెట్టుకునేదానికి మనసు ఖాళీ ఏడుండాది. పో, పురుగులకు మేతెయ్యిపో."

ఆ మధ్యాహ్నం వదిన ఒక ప్రశ్న అడిగింది: ఆ పురుగుల కడుపులో పట్టు ఉందా, లేదా?

నాలుగేళ్లుగా నేను చేస్తున్న పనంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే, కానీ ఎవరూ నన్ను అంత సూటిగా అడగలేదు. పురుగు కడుపులో పట్టు దారంగా ఉండదు. చిక్కటి ద్రవంగా ఉంటుంది. సన్నటి గొట్టంలో ముందుకు జరిగే కొద్దీ దానిలో నీరు తగ్గుతుంది, లవణాలు మారతాయి, కాస్త పులుపు ఎక్కుతుంది. చివర పురుగు తల ఊపుతూ లాగే లాగుడుకు ఆ ప్రోటీన్లన్నీ ఒక వరుసలోకి వచ్చి పోగవుతాయి. నీరు, ఉప్పు, పులుపు, లాగుడు. ప్రయోగశాలలో మేము వీటిలో ఒక్కొక్కదాన్నే మారుస్తాం. కొన్ని గొట్టాల్లో పోగు కట్టకుండా అడ్డుపడే రసాయనాలు కూడా వేస్తాం. యూరియా ఎక్కువ వేస్తే ప్రోటీన్ల మధ్య బంధం సడలిపోతుంది, ఎంత పులుపు చేర్చినా ద్రవం తేటగానే ఉండిపోతుంది. అడ్డుపడేది ఏ మెట్టు దగ్గర అడ్డుపడుతోందో కనిపెట్టడమే మా పని.

"చూపిస్తాను," అన్నాను. "కానీ ఒక పురుగును కొయ్యాలి."

వదిన ముఖం మారింది. "షెడ్డులో వద్దు. పాప సూడకుండా పెరట్లో కోసుకో."

వంటింట్లో చింతపండు నానబెట్టి ఉంది. చిక్కటి పులుసు ఒక గిన్నెలో పోసుకుని పెరట్లో కూర్చున్నాను. బ్లేడుతో పురుగును చీల్చి, మెలికలు తిరిగిన రెండు గ్రంథులను తీశాను. గాజులా తేటగా, ఉబ్బి ఉన్నాయి. పులుసులో వేసి కాసేపు ఆగాను. అవి తెల్లబడ్డాక ఒకదాన్ని రెండు కొసలా పట్టుకుని మెల్లగా లాగాను. సాగింది. మూరెడు దాకా సాగి, గాలికి గట్టిపడి, తీగలా నిలిచింది.

వదిన దాన్ని అందుకుని రెండు చేతులతో లాగి చూసింది. తెగలేదు.

"ఇదేనా పట్టు?"

"ఇదే."

"కడుపునిండా ఇంత పెట్టుకోని ఏంటికి కక్కదు దొంగముండ!"

నాకూ అదే అర్థం కాలేదు. ద్రవం బాగుంది. పులుపు తగిలి, లాగుడు తగిలితే పోగు కడుతోంది. నేను నేర్చుకున్న మెట్లన్నింట్లోనూ ఎక్కడా అడ్డు లేదు. అడ్డు ఉంటే నా గొట్టానికి అవతల ఎక్కడో ఉంది. అక్కడికి నా పట్టికలు పోవు.

తిరిగి షెడ్డులోకి వెళ్లినప్పుడు తలుపు పక్కన ఉన్న చిన్న స్టాండును సరిగ్గా చూశాను. పొద్దున దాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. ప్రతి జ్వరం తర్వాత కొన్ని పురుగులు ఆలస్యంగా లేస్తాయి. వాటిని మిగతావాటితో కలిపితే పంట ఎత్తుపల్లాలవుతుందని వేరే పెడతారు. ఆ వెనకబడిన పురుగుల స్టాండు అది. అందులో కొన్ని పురుగులు బంగారు రంగు తిరిగి తలలెత్తి ఉన్నాయి. మూలన ఉన్న ఎండు కొమ్మ మీద రెండు మూడు అప్పుడే పల్చటి వల అల్లడం మొదలుపెట్టాయి.

"వదినా, ఇవి పండుతున్నాయి!"

ఆమె పరుగున వచ్చింది. వంగి చూసింది. "ఇవా? ఇవి సన్న పురుగులు గదప్పా. పారేద్దామనుకుంటి."

"వీటికి వేరే ఏం మేత వేశావు?"

"తోట అదే. కాకుంటే ఇవి నీరసంగా ఉండాయని, పూటపూటకూ పోయి లేత కొమ్మలు తుంచుకొచ్చి అట్లే వేస్తాంటి. పెద్దవాటికి పొద్దున కోసి పెట్టుకున్న మేత."

తోట ఒకటే. అంటే ఆకులో దోషం లేదు. తోట నుంచి పురుగు నోటికి వెళ్లే దారిలో ఉంది. ఆ దారిని వదిన చేత చెప్పించాను. పొద్దున కొమ్మలు కోస్తారు. బండి మీద తెస్తారు. షెడ్డు పక్కన రేకుల గదిలో నిలబెడతారు. ఈ ఎండకు ఆకు గంటలో వాడిపోతుంది కాబట్టి పైన తడి గోనె పట్టలు కప్పుతారు, ఆరినప్పుడల్లా మళ్లీ ముంచి కప్పుతారు, ఆకు మీద కూడా నాలుగు చెంబుల నీళ్లు చల్లుతారు. మధ్యాహ్నమూ సాయంత్రమూ ఆ మేతే వేస్తారు.

"పట్టలు ఏ నీళ్లలో ముంచుతారు?"

"ముందు బోరు నీళ్లే. ఇప్పుడు బోరు తోటకే సాల్తాలేదు గదా. ఇంటి తొట్టి నీళ్లు."

తొట్టి పెరట్లోనే ఉంది. నేను పురుగును కోసింది దాని పక్కనే. సిమెంటుతో కట్టిన పెద్ద తొట్టి, కుళాయి వచ్చినప్పుడు నింపుకుని వాడుకునేది. వంగి చూశాను. నీటిలో దోమ పిల్లలు గుంపులు గుంపులుగా మెలికలు తిరుగుతూ ఈదుతున్నాయి. బాగా పెద్దవి.

నాయన వేపపుల్ల నములుతూ వచ్చాడు. "అవి ఎంతకీ సావవప్పా. పాపకు డెంగీ వచ్చినప్పుడు ఆస్పత్రోళ్లు ఊర్లో ఇంటింటికీ మందు పంచిరి. ఇసక మాదిరి ఉండె. ఒగ సెంచా వేసిరి. రెండు దినాలు సూస్తి, దోమ పిల్లలు సావలే, ఎప్పటి మాదిరే ఈదులాడతాండె. ఇదేం మందురా అని వాళ్లనడిగి ఇంగో పొట్లం తెచ్చుకుని అంతా కుమ్మరిచ్చినా. అయినా సూడు, ఒగటీ సావలే."

నేను తొట్టి గట్టు పట్టుకుని నిలబడ్డాను. చావలేదు. పెద్దవవుతున్నాయి, మేస్తున్నాయి, ఈదుతున్నాయి. దోమలు మాత్రం కావడం లేదు. అలాంటి మందు ఒకటి ఉందని కీటకాల గురించి చదివినప్పుడు తెలుసుకున్నాను. అది పిల్లను చంపదు. నువ్వింకా పిల్లవే, పెద్దయ్యే వేళ ఇంకా రాలేదు అని దాని ఒంటికి చెబుతూనే ఉంటుంది. దోమ పిల్ల అక్కడే ఆగిపోతుంది. మనుషులకు ఆ నీళ్లతో ఏమీ కాదు. పట్టుపురుగుకు మాత్రం ఆ మందు చుక్కలో వెయ్యో వంతు తగిలినా, మేత మానాల్సిన వేళ ఎప్పటికీ రాదు.

ప్రోటీన్‌కు అడ్డేమీ లేదు. పోగు కట్టు అని చెప్పాల్సిన వేళనే ఎవరో ఆపేశారు. ఆ ఎవరో మా నాయన. మనవరాలి జ్వరం చూసి భయపడిన మనిషి.

నాకు కారణం దొరికింది. చెప్పకపోతే వదిన పెంపకమే తప్పని తేలుతుంది. పదేళ్లు పెంచిన చెయ్యి, పంట పోగొట్టిన చెయ్యి అవుతుంది. చెబితే నాయన ఏమవుతాడు? ఆ నీళ్లలో ముంచిన పట్టలు రేకుల గదిలో వేలాడుతున్నాయి. అప్పుడే అన్న ఒక పట్టను తొట్టిలో ముంచడానికి పట్టుకొచ్చాడు.

"ముంచొద్దన్నా," అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. చెప్పాను. వీలైనంత మెల్లగా, మందు చెడ్డది కాదని, పాప కోసమే వేశారని, ఎవరికీ తెలిసే వీలు లేదని చెప్పాను. నా మాటలు నాకే ప్రయోగశాలలో నివేదిక చదువుతున్నట్టు వినిపించాయి.

నాయన నోట్లో వేపపుల్ల అలాగే ఉండిపోయింది. "నేను వేసిందాన్నుంచేనా?"

అవునన్నట్టు తల ఊపాను.

"సరే, కారణం తెలిసింది," అన్నాడు అన్న. "ఇప్పుడు పురుగు గూడు కడ్తాదా?"

"కట్టవు. ఇన్ని రోజులు తిన్నాక ఇక కట్టవు."

"మరింగేం. కారణం కూట్లో కలుపుకోని తిందామా?" తర్వాత నాయన వైపు తిరిగాడు. "సెప్పినోళ్లు ఒగ సెంచా సాలంటే, నీకు పొట్లం గావల్ల. ఎప్పుడూ ఇంతే. నువ్వు సెయ్యి పెట్టిన పని..."

"ఇంగాపు," అంది వదిన. నేను ఆమె అంత గట్టిగా అరవడం వినలేదు. "పాపను ఆస్పత్రిలో పండబెట్టినప్పుడు బల్ల పక్కన కింద కూసోని ఏడ్సింది మామ. నువ్వు కాదు, నేను కాదు. వేసినాడు. నేనైనా వేసుందును." గొంతు తగ్గించింది. "పంట పోతే వస్తానని మాటిచ్చినా. పోయింది. వస్తా. తోట నీ ఇష్టం. కానీ నా పురుగు తప్పు గాదు, నా సెయ్యి తప్పు గాదు. అది మాత్రం ఒప్పుకో."

అన్న గోనె పట్టను నేల మీద వేసి బయటికి పోయాడు.

ఆ తర్వాతి రోజులు ఎవరికీ బాగాలేవు. నాయన తొట్టిని ఏం చెయ్యాలో తెలియక దాని చుట్టూ తిరిగాడు. ఈ ఊళ్లో నీళ్లు పారబోసిన మనిషిని ఎవరూ చూసి ఉండరు. తోటకు పొయ్యడానికి లేదు. చివరికి బక్కెట్లతో మోసి రోడ్డు మీద దుమ్ముకు చల్లాడు. మధ్యలో ఒకసారి ఆగి నన్ను అడిగాడు: "అప్పా, ఆ పురుగులకు నొప్పి ఉంటాదా? లోపలుండేది బయటికి రాకుంటే?" తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

వెనకబడిన పురుగులు కట్టిన గూళ్లు ఒక చేట కూడా నింపలేదు. మిగతా పురుగులు మేస్తూనే ఉన్నాయి. వాటిని గుంతలో వేసి సున్నం చల్లాలి, ఇంకో దారి లేదు. కానీ వదిన పొద్దున లేచి కొడవలి తీసుకుని తోటకు పోతోంది. ఎందుకు వదినా అంటే, "తింటాండే నోటికి మేత ఆపేది ఎట్లప్పా? నాకు సాతగాదు," అంది. ఉన్న కాస్త ఆకూ ఖాళీ అవుతోంది. నేను లెక్క వేసి చెప్పబోయి ఊరుకున్నాను.

అన్న సోమందేపల్లెకు బయల్దేరాల్సిన రోజు పొద్దున ఇంట్లో లేడు. తోటలో ఉన్నాడు. అప్పటికే సగం తోట నరికేశాడు. వదిన గట్టు దగ్గరే ఆగిపోయింది. ముందుకు రాలేదు. పెరికించే ముందు మొదట నరుకుతారు, ఆ తర్వాత యంత్రం వచ్చి వేళ్లు లాగుతుంది. ఆమె చూస్తున్నది అదేననుకుంది. నేనూ అదే అనుకున్నాను.

దగ్గరికి వెళ్లి చూశాను. పెరికేసే తోటను నేలకు ఆనించి అడ్డదిడ్డంగా కొట్టేస్తారు. ఇక్కడ ప్రతి మొద్దూ నేలకు జానెడు ఎత్తులో ఉంది. ప్రతి కోతా ఏటవాలుగా, తొక్క చీలకుండా ఉంది. తర్వాతి పంటకు చిగురు పెట్టించడానికి కోసే కోత అది.

వదినను పిలిచాను. వచ్చింది. వంగి ఒక మొద్దును వేలితో తడిమింది. రెండోది, మూడోది కూడా తడిమింది.

అన్న తల ఎత్తలేదు. "నేను పోయేది పోతా," అన్నాడు కోస్తూనే. "ఇంట్లో ఒగరి కూలన్నా రావల్ల. నువ్వు రావాల్సిన పన్లే. పాప ఈడే సదువుకుంటాది."

"మాటిచ్చినా గదా," అంది వదిన.

"ఇచ్చినావులే." నరికిన కొమ్మలను కాలితో ఒక చోటికి తోశాడు. "ఇవి ఎట్లాగూ కోసేసినా గదా. ఈ పొద్దుకు వాటికే వెయ్యి. రేపు నాయనా నువ్వూ గుంత తీసుకోండి."

వదిన కొమ్మలను మోపు కట్టి, మోపును నా నెత్తి మీదికి ఎత్తింది. ఇంకో మోపు తాను ఎత్తుకుంది. ఎండ అప్పటికే ఎక్కింది. ఆకు వాడకముందే షెడ్డు చేరాలని ఇద్దరం గట్టు మీద వేగంగా నడిచాం.